వేటలో తప్పిన మృగం



సంస్కృతంలో ‘మృగ’ ధాతువుకు వెదకడం అని అర్థం. మృగమంటే వెదకబడేది. వేదకాలంలో ఈ మాట అడవిలో తిరిగే ఏ జంతువుకైనా వర్తించేది. సింహాన్ని మృగరాజు అనడంలో ఆ పాత అర్థం నేటికీ నిలిచి ఉన్నది. కాలక్రమేణ అర్థసంకోచం కలిగి, అది జింక జాతికి ప్రత్యేకించిన పేరయింది. వేటను ‘మృగయ’ అనడానికీ మూలం ఆ ధాతువే. ఒక్క సంగతి గమనించండి. ఈ పదాల్లో వెదకడం ఉన్నది గాని దొరకడం లేదు. దొరకడమన్నది వేటగాడి ఆశ మాత్రమే. శబ్దం దానికి పూచీ పడలేదు.

మన ప్రబంధకవులు వేటను వర్ణించడంలో గొప్ప ఉత్సాహం చూపారు. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట చదివినవారికి ఆ అడవీ, ఆ సందడీ కళ్ళకు కట్టినట్లుంటాయి. అయితే వేటవర్ణనలలో చూపు సాధారణంగా కూలిన మృగాల మీదనే ఉంటుంది. తప్పించుకొని పోయిన మృగం వెనుక, చేత విల్లు పట్టుకొని నిలబడిపోయిన మనిషి సంగతి ఏమిటి? ఆ క్షణాన అతడు ఏమి చేశాడు? ఈ ప్రశ్నకు మన ఇతిహాసంలోనూ, మొగలుల చరిత్రలోనూ కనిపించే సమాధానాలను ఒకచోట చేర్చి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ టపా అందుకోసమే.

ముందుగా ఒక శాస్త్రచర్చ. రాజులకు కామం వలన పుట్టే వ్యసనాలు పది అని మనుస్మృతి లెక్కపెట్టింది. ఆ జాబితాలో మొదటి పేరు వేటదే. కౌటిల్యుని అర్థశాస్త్రం ఎనిమిదవ అధికరణంలో వేట, జూదం అనే రెండింటిలో ఏది ఎక్కువ కీడు అన్న వాదం వస్తుంది. పిశునుడనే పూర్వాచార్యుడు వేటే ఎక్కువ కీడన్నాడు. అడవిలో దొంగలు, శత్రువులు, క్రూరమృగాలు, కార్చిచ్చు, దిక్కు తెలియకపోవడం, ఆకలిదప్పులు, ఇన్ని ఆపదలున్నాయని అతని వాదన. కౌటిల్యుడు ఒప్పుకోలేదు. వేటలో వ్యాయామం ఉన్నది. కఫపిత్తాలూ మేదస్సూ తగ్గుతాయి. కదిలే గురినీ కదలని గురినీ కొట్టే నేర్పు అలవడుతుంది. కోపించిన, భయపడిన మృగాల చిత్తం ఎలా ఉంటుందో తెలుస్తుంది. కనుక జూదమే ఎక్కువ కీడు అని తీర్పు చెప్పాడు. కాళిదాసు శాకుంతలం రెండవ అంకంలో సేనాపతి దుష్యంతునితో వేటను పొగుడుతూ చెప్పే మాటలు కూడా దాదాపు ఇవే.

ఈ వాదంలో నాకు ఒక లోటు కనిపిస్తుంది. పిశునుడు వేటగాడి ఆకలిదప్పులను లెక్కించాడు. కౌటిల్యుడు మృగం యొక్క మనసును లెక్కించాడు. గురి తప్పిననాడు వేటగాడి మనసు ఏమవుతుందన్న అంశాన్ని ఇద్దరూ తడమలేదు. శాస్త్రం వదిలిన ఆ ఖాళీని ఇతిహాసం పూరించింది.

భారతంలో ఒకే వంశాన్ని మూడు మృగాలు మలుపు తిప్పాయి. మొదటిది పాండురాజుకు దొరికింది. అడవిలో మృగరూపంలో భార్యతో క్రీడిస్తున్న కిందముడనే మునిని అతడు బాణంతో కొట్టాడు. ముని శపించాడు, ఆ శాపమే కాలాంతరాన రాజు ప్రాణం తీసింది. దొరికిన మృగం వలన చెడినవాడు పాండురాజు. దొరకని మృగం వలన చెడినవాడు అతని మునిమనుమడు పరీక్షిత్తు. ఈ ఇద్దరి నడుమ, దొరకని మృగం వలన బాగుపడినవాడు ఒకడున్నాడు. అతడు పాండురాజు పెద్దకొడుకు ధర్మరాజు.

ధర్మరాజు కథ అరణ్యపర్వం చివరిది. నన్నయ విడిచిన ఆ పర్వశేషాన్ని ఎఱ్ఱన తెలుగు చేసిన సంగతి మీకు తెలిసిందే. వనవాసం ముగింపుకు వచ్చిన రోజులవి. ఒక బ్రాహ్మణుని అరణి చెట్టుకు తగిలించి ఉండగా, ఒక మృగం వచ్చి ఆ చెట్టుకు ఒళ్ళు రుద్దుకొన్నది. అరణి దాని కొమ్ములకు చిక్కుకొన్నది. మృగం బెదిరి పరుగెత్తింది. అగ్నిహోత్రం ఆగిపోతుందని బ్రాహ్మణుడు వచ్చి మొరపెట్టుకొన్నాడు. అన్నదమ్ములైదుగురూ విండ్లు పట్టుకొని వెంటపడ్డారు. బాణాలు తగల్లేదు. మృగం కనిపించినట్లే కనిపించి మాయమైపోయింది. ఆకలితో, దప్పికతో, అవమానంతో ఒక మఱ్ఱిచెట్టు నీడన కూలబడ్డారు.

ఆ చెట్టు కింద జరిగిన సంభాషణ నాకు భారతంలో చాలా ఇష్టమైన ఘట్టాలలో ఒకటి. మన వంశంలో ధర్మలోపం ఎన్నడూ జరగలేదే, మనకీ ఆపద ఎందుకు వచ్చిందని నకులుడు అడిగాడు. ద్రౌపదిని సభకు రప్పించిన ప్రాతికామిని నేనానాడు చంపలేదు, అందుకు అన్నాడు భీముడు. కర్ణుని పరుషవాక్యాలను నేను సహించాను, అందుకు అన్నాడు అర్జునుడు. జూదమాడిన శకునిని నేను చంపకుండా వదిలాను, అందుకు అన్నాడు సహదేవుడు.

చూడండి. పోయింది ఒక మృగం. అది తప్పిపోయి గడియ కూడా అయి ఉండదు. ముగ్గురూ పన్నెండేళ్ళనాటి సభలోకి వెళ్ళిపోయారు. ఎవరిని చంపి ఉంటే బాగుండేదో లెక్క చూసుకొంటున్నారు. చేతిలోని పని చెడినప్పుడు మనసు పాతపగల మూట విప్పుకొంటుంది. ఇది వీరులకే పరిమితమైన లక్షణం కాదు. పంట పోయిన రైతింటిలోనూ, పరీక్ష తప్పిన పిల్లవాని ఇంటిలోనూ ఆ సాయంత్రం వినిపించే మాటలు ఇలాగే ఉంటాయి.

ధర్మరాజు మాత్రం, ఆపదకు మేర ఉండదు, దానికింత కారణమని చూపడానికీ ఉండదు అన్నాడు. తరువాత నకులునితో, చెట్టెక్కి చుట్టుపక్కల నీళ్ళెక్కడైనా ఉన్నాయేమో చూడమన్నాడు. అంతే. పెద్దవాడు చేయవలసిన పని అది. దోషి ఎవరన్నది తరువాత తేలవచ్చు; ముందు దాహం తీరాలి.

తరువాతి యక్షప్రశ్నల కథ అందరికీ తెలుసు. తమ్ముళ్ళు నలుగురూ దప్పిక కొద్దీ యక్షుని మాట పెడచెవిని పెట్టి కొలని గట్టున పడిపోయారు. ధర్మరాజుకూ అంతే దప్పిక. కాని అతడు ఆగాడు, అడిగినవాటికి బదులు చెప్పాడు. చివరకు యక్షుడు తాను ధర్మదేవతనని, అరణిని ఎత్తుకొనిపోయిన మృగం కూడా తానేనని చెప్పి వరం కోరుకోమన్నాడు. ధర్మరాజు కోరిన మొదటి వరం ఏమిటి? ఆ బ్రాహ్మణుని అరణి అతనికి చేరాలని! నలుగురు తమ్ముళ్ళు చచ్చి బ్రతికిన తరువాత కూడా, తాను మొదట ఏ పని మీద బయలుదేరాడో అతడు మరువలేదు. మృగం తప్పింది గాని ధ్యేయం తప్పలేదు.

ఇక పరీక్షిత్తు. అభిమన్యుని కొడుకు, మంచి రాజు, గొప్ప వేటగాడు. అతని బాణం తిన్న మృగం ప్రాణాలతో పోవడమన్నది అంతకుముందు ఎన్నడూ లేదని సంస్కృతభారతం చెబుతుంది. ఆ ఒక్కరోజు పోయింది. వెంట తరిమి తరిమి అతడు పరివారానికి దూరమైపోయాడు. ఆలమందలో కూర్చున్న శమీకుడనే ముని కనిపించాడు. దూడలు పాలు తాగుతున్నప్పుడు కారే నురుగు మాత్రమే ఆహారంగా బ్రతికే మహానుభావుడాయన. నేను పరీక్షిత్తును, అభిమన్యుని కుమారుణ్ణి, నా బాణం తిన్న మృగం ఇటు వచ్చిందా అని రాజు అడిగాడు. ముని మౌనవ్రతంలో ఉన్నాడు, పలుకలేదు. రాజు వింటికొప్పుతో అక్కడి చచ్చిన పామునెత్తి ఆయన భుజం మీద వేశాడు. ముని అప్పుడూ ఏమీ అనలేదు. ఆ స్థితిలో ఆయనను చూడగానే రాజు కోపం చల్లారి, దిగులు మిగిలింది. నగరానికి తిరిగిపోయాడు. ముని కొడుకు శృంగి, ఏడు దినాలలో తక్షకుని కాటుకు రాజు చచ్చుగాక అని శపించాడు. తండ్రి ఆ శాపానికి సంతోషించలేదు. గౌరముఖుడనే శిష్యునితో రాజుకు ముందుగా కబురంపాడు. కబురు విన్న రాజు తన చావుకన్నా, మౌనవ్రతంలో ఉన్న మునిని అవమానించానే అని ఎక్కువ బాధపడ్డాడు.

ఇక్కడ భారతానికీ భాగవతానికీ ఒక భేదం ఉన్నది. భారతంలో రాజు మునిని అడిగింది మృగం సంగతి. భాగవతంలో అడిగింది మంచినీళ్ళు. పోతనను చదివి పెరిగిన మనకు రెండవదే ఎక్కువ పరిచయం. నీళ్ళడిగితే పలుకలేదన్న కోపంలో కొంత న్యాయమున్నట్లు తోస్తుంది. రాజు మీద జాలి కలుగుతుంది. భక్తికథకు అది అవసరం, ఎందుకంటే ఆ రాజే రేపు శుకునివద్ద భాగవతం వినవలసిన శ్రోత. భారతకథలో ఆ మెత్తదనం లేదు. జనమేజయునికి మంత్రులు ఈ వృత్తాంతం చెప్పినప్పుడు మాత్రం ఒక మాట కలుపుతారు: అప్పటికి రాజు అరవై ఏళ్ళవాడు, అలసినవాడు, ఆకలిగొన్నవాడు అని. ఇది సమర్థన కాదు, నిదానం. అరవై దాటిన నావంటివాడికి ఆ మాట బాగా అర్థమవుతుంది.

ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పాను. ఈ కథ చెప్పినప్పుడల్లా వెనుక బల్లల్లోంచి ఎవరో ఒక పిల్లవాడు లేచి, ‘ఆ జింక ఏమయిందండీ మాస్టారూ?’ అని అడిగేవాడు. తక్కిన పిల్లలు నవ్వేవారు. నేను నవ్వేవాణ్ణి కాను. అది చాలా మంచి ప్రశ్న. ‘రాజు కూడా మరిచిపోయాడురా. పామునెత్తిన క్షణాన అతనికి జింక గుర్తులేదు’ అని చెప్పేవాణ్ణి. నా ఉద్దేశంలో ఆ కథ మర్మమంతా అక్కడే ఉన్నది. మృగం మీది ఆరాటం మనిషి మీది కోపంగా మారేసరికి మృగం మాయమైంది. గాయపడిన ఒక ప్రాణి ఆ పొదల్లో ఎక్కడో బాధపడుతూ ఉన్నది. దానిని వెదకి బాధ తీర్చడం వేటగాడి ధర్మం. ఆ ధర్మం మధ్యలో ఆగిపోయింది.

వేట తెలిసినవారు ఒక మాట చెబుతారు. బాణం తగిలిన జింకను వెంటనే తరమకూడదు. కొంతసేపు ఊరకుంటే అది దగ్గరలోనే ఏదో పొదలో పడుకొంటుంది. అప్పుడు నెత్తుటి చుక్కలు చూసుకొంటూ నెమ్మదిగా పోవాలి. తరిమితే భయంతో మరింత దూరం పోతుంది, అసలే దొరకదు. తప్పిన మృగం విషయంలో ఓర్పు కేవలం నీతి కాదు, ఉపాయం కూడా.

ఇవన్నీ పురాణకథలు కదా అనవచ్చు. కనుక చరిత్రలోకి వద్దాం. 1605లో మొగలుల సింహాసనమెక్కిన జహంగీరు తన జ్ఞాపకాలను పారసీ భాషలో స్వయంగా రాసుకొన్నాడు. రోజర్సు చేసిన ఆంగ్లానువాదాన్ని బెవరిడ్జి పరిష్కరించగా 1909లోనూ 1914లోనూ రెండు సంపుటాలుగా వెలువడింది. ఆ చక్రవర్తి వేటకు లెక్కలు రాయించాడు. తన పన్నెండవ ఏట మొదలుకొని, చాంద్రమానం ప్రకారం యాభయ్యవ ఏటి వరకు తన సమక్షంలో పడిన జంతువులు 28,532. అందులో తన చేత చచ్చినవి 17,167. ఈ రెండవ లెక్కలో పక్షులు 13,964, నాలుగుకాళ్ళ జంతువులు 3,203. వాటిలో పులులు 86, మనుబోతులు 889. మనుబోతు అంటే ఉత్తరాదివారు నీల్‌గాయ్ అనే పెద్ద జింక.

ఈ లెక్కల మనిషికి మృగాలంటే ప్రేమ లేదనుకోకండి. లాహోరు దగ్గర, నేటి పాకిస్తాన్‌లోని షేఖుపురాలో ‘హిరన్ మినార్’ అనే స్తంభం ఉన్నది. మన్‌స్‌రాజ్ అనే పేరుగల తన పెంపుడు జింక చనిపోతే దాని గుర్తుగా జహంగీరు ఏర్పాటు చేసిన స్థలమది. 1607 నాటి సంగతి ఇది. దాని సమాధి మీద జింక ఆకారంలో శిల పెట్టించి శాసనం చెక్కించాడు. ఆ మైదానంలో ఎవరూ జింకలను వేటాడరాదనీ, వాటి మాంసం హిందువులకు గోమాంసంతోనూ, ముస్లిములకు పందిమాంసంతోనూ సమానమనీ ఆజ్ఞ వేశాడు. ఇంత మెత్తని మనసు.

అదే మనిషి, మూడు నాలుగేళ్ళ తరువాత, తన ఏలుబడి ఐదవ సంవత్సరంలో, ఒక మనుబోతును గురి చూస్తున్నాడు. అది తుపాకి అందేటంత దగ్గరలో ఉన్నది. అంతలో ఒక గుర్రపువాడూ, ఇద్దరు బోయీలూ హఠాత్తుగా అటు వచ్చారు. మృగం బెదిరి పారిపోయింది. చక్రవర్తికి పట్టరాని కోపం వచ్చింది. గుర్రపువాణ్ణి అక్కడికక్కడే చంపించాడు. బోయీలిద్దరికీ కాళ్ళ వెనుక నరాలు కోయించి, గాడిదల మీద ఎక్కించి, విడిదిలో ఊరేగించాడు. ఇకమీదట ఎవరికీ అటువంటి ధైర్యం కలగకుండా ఉండడానికి ఈ పని చేశానని తన చేతితోనే రాసుకొన్నాడు. ఆ వెంటనే గుర్రమెక్కి, డేగలతో వేట సాగిస్తూ విడిదికి చేరానన్నది తరువాతి వాక్యం. రెండు వాక్యాల నడుమ ఒక నిట్టూర్పు కూడా లేదు.

చచ్చిపోయిన జింక పేరు మన్‌స్‌రాజ్ అని నాలుగు శతాబ్దాల తరువాత కూడా మనకు తెలుసు. జింక తప్పినందుకు చచ్చిపోయిన మనిషి పేరు ఆ పుస్తకంలో లేదు. వికలాంగులై బ్రతికిన ఇద్దరి పేర్లూ లేవు. పరీక్షిత్తు చేసిందీ జహంగీరు చేసిందీ మూలంలో ఒకటే: మృగం తప్పగానే ఎదురుగా ఉన్న మనిషి దోషి అయ్యాడు. కాని శమీకునికి శపించగల కొడుకున్నాడు. ఆ గుర్రపువాడి కొడుకు శాపం ఎవరిని తాకుతుంది? పురాణంలో ఏడు రోజుల్లో వచ్చే ఫలం చరిత్రలో వచ్చి తీరాలన్న నియమం లేదు. అందుకే కథ చదివినప్పటికన్నా చరిత్ర చదివినప్పుడు గుండె బరువెక్కుతుంది.

జహంగీరు కథ అక్కడితో ఆగలేదు. యాభై దాటిన తరువాత తుపాకి వేట మానివేస్తానని, తన చేతితో ఏ ప్రాణినీ బాధించనని అతడు దేవునికి మొక్కుకొన్నాడు. తాను ఎంతో ప్రేమించే మనుమడు షుజాకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ మొక్కును దృఢం చేసుకొన్నాడు. పిల్లవాడు బ్రతికాడు. మొక్కు కొన్నేళ్ళు నడిచింది. తరువాత మళ్ళీ తుపాకి పట్టాడు.

1627లో, జబ్బుతో కాశ్మీరం నుండి లాహోరుకు తిరిగివస్తూ, దారిలో బైరంగల్లా అనే కొండచోట వేటకు ఆగాడు. ఆ ఊళ్ళవాళ్ళు జింకలను కొండ మీదికి తోలడం, చక్రవర్తి కింద నుండి కాల్చడం అక్కడి పద్ధతి. ఒక జింక బండ మీద నిలబడింది, సరిగా కనిపించడం లేదు. దానిని ముందుకు తోలాలని ఒక కాలిబంటు కదిలాడు. కాలు జారింది. చేతికందిన పొదను పట్టుకొన్నాడు. పొద వేళ్ళతో సహా ఊడివచ్చింది. లోయలో పడి చనిపోయాడు. ముతమద్ ఖాన్ తన ఇక్బాల్‌నామాలో ఈ సంఘటన రాశాడు. చక్రవర్తి తల్లడిల్లిపోయాడు, వేట మానివేశాడు. ఏడుస్తూ వచ్చిన ఆ బంటు తల్లికి ధనమిచ్చాడు. అయినా మనసు కుదుటపడలేదు. మృత్యుదూతే ఆ రూపంలో కనిపించాడన్నట్లుగా ఆనాటినుండి అతనికి శాంతి లేకపోయింది. అక్కడినుండి సాగిన ప్రయాణంలోనే, లాహోరు చేరకముందే, కన్నుమూశాడు.

ఈ రెండు సంఘటనలకూ కార్యకారణ సంబంధం ఉన్నదని నేననను. అది కవులు చేసే పని. నడుమ పదిహేడేళ్ళ దూరం ఉన్నది, జబ్బున్నది, కొడుకు తిరుగుబాటు దుఃఖమున్నది. కాని రెండుచోట్లా ఒక జింక, ఒక పేరులేని సేవకుడు, ఒక చక్రవర్తి. మొదటిసారి అతనికి జింక పోయిందే గాని మనిషి పోయినట్లు తోచలేదు. రెండవసారి మనిషి పోయినట్లు తోచింది. ఈ తేడా రావడానికి ఒక జీవితకాలం పట్టింది.

కడుపు కోసం వేటాడినవాళ్ళ మాట కూడా చెప్పుకోవాలి. మన నల్లమల చెంచుల జీవితాన్ని దగ్గరగా చూసి హైమండార్ఫ్ 1943లో ఒక గ్రంథం ప్రకటించాడు. వారి తిండికి ముఖ్యమైన ఆధారం వేట కాదు, అడవిలో తవ్వుకొనే దుంపలు, ఏరుకొనే పండ్లు. మృగం దొరికితే పండుగే. తప్పితే తవ్వుకోల ఉండనే ఉన్నది. నిజంగా ఆకలిగొన్నవాడు తప్పిన మృగం దగ్గర ఎక్కువసేపు నిలబడలేడు. పొద్దుగూకేలోగా దుంప దొరకాలి. ఐదువేళ్ళూ నోటికి పోయే రాజులకే ఆ నిలబడే తీరిక. వారికి పోయింది మాంసం కాదు, గురి తప్పదన్న పేరు. పరీక్షిత్తు విషయంలో భారతం ఆ పేరునే ముందుగా ఎత్తడం ఊరకనే కాదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో జింకల వేట నేరమయింది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్రజంతువు. తెలంగాణ 2014లో చుక్కల జింకను ఎంచుకొన్నది. విండ్లు పోయాయి, తుపాకులు పోయాయి. అయినా తప్పిన మృగాలు మనకు ఉంటూనే ఉంటాయి. రావలసిన పదవి, కుదిరినట్లే కుదిరి తప్పిపోయిన సంబంధం, అందినట్లే అంది జారిపోయిన పైకం. అటువంటి రోజున ఇంట్లో ఎదురుపడిన మొదటి మనిషి ఎవరన్నది ఆలోచించండి. మఱ్ఱిచెట్టు కింది ధర్మరాజు నీళ్ళెక్కడున్నాయని అడిగాడు. ఆలమందలో పరీక్షిత్తు చచ్చిన పామును వెదుక్కొన్నాడు. అలసట ఇద్దరిదీ ఒకటే.

మీ ప్రాంతాలలో గురి తప్పిన వేట గురించి పెద్దలు చెప్పుకొనే సామెతలు గాని, స్థలకథలు గాని ఉంటే వ్యాఖ్యలలో తెలియజేయండి. ఇఱ్ఱి, లేడి, దుప్పి, కడితి, మనుబోతు అంటూ మనవాళ్ళు ఒక్కొక్క జింకనూ వేరువేరుగా పిలిచిన పేర్ల మీద మరొక టపా రాయాలని ఉన్నది. మీరు పంపేవి దానికి పనికివస్తాయి.

స్వస్తి.